దించే చోటు

సత్రానికి చరిత్ర ఉందని తెలిసిన పొద్దే, ఆ సత్రంలో తనకు చోటు లేదని కూడా ఇంద్రాణికి తెలిసింది. రెండు సంగతులూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఆ నోట్లో ఆమె పోసిన దోసె అప్పటికి ఇంకా నలుగుతూనే ఉంది.

నోరు ద్వారకనాథ్‌ది. అత్తిమంజేరిపేట పక్కన మామిడి తోటలు, తిరువళ్ళూరులో మేడ, పోయిన యేడు గుండెలో వేయించుకున్న స్టెంటు, ఇన్ని ఉన్నాక మనిషికి ఇంకా కొరత ఏముంటుంది? ఒక సంఘం కొరత. అదీ తీరింది. తిరువళ్ళూరు తిరుత్తణి ప్రాంత పురాతన కట్టడాల గుర్తింపు, పరిరక్షణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ పేరు కొసదాకా చదివేలోపల పెనం మీద దోసె మాడిపోతుంది. సొంత ఊళ్ళో తాతలు కట్టిన ఇల్లు పడగొట్టి, టేకు దూలాలు అమ్ముకొని, ఆ చోట కల్యాణమండపం లేపినాక ఆయనకు పాత కట్టడాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తన పాతది ఎట్లాగూ పోయింది, ఇక ఊరివాళ్ళ పాతదాన్నయినా కాపాడాలి కదా.

వెంట చెన్నై నుంచి హర్షవర్ధన్ అనే కట్టడాల నిపుణుడు వచ్చాడు. దువ్విన గడ్డం, నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో గోడ మీద ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే యంత్రం. ఆ చుక్క స్తంభం మీదా, దూలం మీదా, కాసేపు ఇంద్రాణి నుదుటి మీదా తిరిగింది.

సత్రం అత్తిమంజేరిపేట నుంచి తిరుత్తణికి పోయే దోవలో ఉంది. రాతి స్తంభాలు, పైన ఇటుకా సున్నపు మిద్దె, ముందర పొడుగాటి అరుగు. అరుగు కొసన ఇంద్రాణి పొయ్యీ, పెనమూ, నీళ్ళ కుండా. సత్రానికి ఎదురుగా రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఎదఎత్తున అడ్డంగా పరిచిన ఇంకో రాయి. అరవం వాళ్ళు దాన్ని సుమైతాంగి అంటారు. తెలుగువాళ్ళకు అది దించుడురాయి. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండ మీది స్వామికి మొక్కు తీర్చుకోను పోయే కావళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు నిలిపింది. భుజానికెత్తుకున్న కావడి కొండ చేరేదాకా నేలను తాకరాదు. దోవలో భుజం నొస్తే ఈ రాయి మీద ఆనించి, మజ్జిగ తాగి, మళ్ళీ ఎత్తుకోవాలి. రాయి నిండిపోతే సత్రం చూసుకునే ఆడమనిషి తన భుజం ఇవ్వాలి. అది ఆ చోటి వాడుక. ఇంద్రాణి అత్త ఇచ్చింది. అత్త పోయినాక ఇంద్రాణి ఇస్తోంది. కృత్తిక నాడు ఒక్కపొద్దుండి, తడి చీరతో నిలబడి, వచ్చిన కావడినల్లా కాసేపు మోసి, వాళ్ళది వాళ్ళకు ఇచ్చేస్తుంది. మిగిలిన యేడంతా దోసెలు పోస్తుంది.

కర్రలు ఆని ఆని రాతికి నడుమ గుంట పడింది. చేయి పెడితే అరచేయి హాయిగా కూర్చునేంత నున్నటి గుంట. హర్షవర్ధన్ అందులో వేలు పెట్టి రాసి చూశాడు.

"ఇదేంటి?"

అడిగింది గాల్లోకి. అందుకుంది ఎలుమలై. దోవకు అవతల రేకుల కొట్టంలో సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆరణి యేటికి వరదొచ్చినప్పుడు తమ మేక ఒకటి కొట్టుకొని పోయి, మద్రాసులో ఒడ్డు పట్టి, తెలుగు మరిచిపోయి తిరిగొచ్చిందని ఒట్టేసి చెప్పే మనిషి. అట్లాంటి వాడిని పిలిచి చరిత్ర అడిగితే ఊరుకుంటాడా?

"ఏనుగు సార్," అన్నాడు చేతి గ్రీజు తుడుచుకుంటూ. "విజయనగరం రాయలోరి ఏనుగు. దండెత్తి వచ్చేటప్పుడు ఈ రాయి మీద తొండం ఆనించి ఒక కునుకు తీసింది."

"ఒక్క కునుక్కే ఇంత గుంట పడిందా?"

"గురక సార్."

హర్షవర్ధన్ నవ్వలేదు. ఫోన్లో రాసుకున్నాడు. ద్వారకనాథ్ దోసె మింగి, తల ఊపాడు. "మా ముత్తాత గూడా ఏనుగు మాట అంటా ఉండినాడు," అన్నాడు. ఎలుమలై ఆ అబద్ధాన్ని పుట్టించి అప్పటికి ఇంకా నీళ్ళయినా పోయలేదు. అంతలోనే దానికి ముత్తాత దొరికాడు. ఇంద్రాణి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి ఊరుకుంది.

ద్వారకనాథ్ చట్నీ ఇంకొంచెం వేయించుకొని అసలు మాట ఎత్తాడు. సత్రాన్ని సర్కారు పురాతన కట్టడంగా ప్రకటించబోతోంది. అయితే ఆ చోట ఆక్రమణ ఉండకూడదు.

"ఆక్రమణ యాడుందయ్యా ఈడ?" అంది ఇంద్రాణి, దోవ అటూ ఇటూ చూసి.

"నువ్వే గదమ్మా."

దోసె అంచు లేచింది. ఆమె తిరగేయలేదు.

"నేను లేకపోతే ఊడ్చేదెవురు? సున్నం కొట్టేదెవురు? కృత్తికకు కావళ్ళొస్తే నీళ్ళెవురిస్తారు?"

"అవన్నీ సంఘం చూసుకుంటాది. ఓపెనింగు గూడా కృత్తిక నాడే పెట్టినాం. ఆ పొద్దు జనం బాగుంటారు గదా, ఫోటోలో నిండుగా ఉంటాది. ఒక ఆఫీసర్ వస్తా ఉండాడు." వేళ్ళు నాక్కుని లేచాడు. "దోసె బాగుందమ్మా. నీ చెయ్యి చెయ్యే. ఇంక రెండు మూడు దినాల్లో కాలీ చేసేయ్."

*

మర్నాడు పనివాళ్ళు వచ్చారు. ఇనుప బ్రష్షులతో గోడలు గీకడం మొదలుపెట్టారు. ఇంద్రాణి యేటేటా గుల్లసున్నం కొని, కుండలో నీళ్ళు పోసి, అది కుతకుత ఉడికి చల్లారేదాకా పక్కనే కూర్చుని, గుడ్డలో వడకట్టి, ఈతకొమ్మ నలగ్గొట్టి చేసిన కుంచెతో పూసిన సున్నం. పొర మీద పొర. అత్త పూసిన పొర, అత్తకు అత్త పూసిన పొర, అన్నీ పెంకులు పెంకులుగా ఊడి పడుతున్నాయి. కింద నుంచి ఇటుక బయటపడింది. గాలి తగిలితే ఎర్రగా రాలుతోంది.

"సున్నం ఈ కట్టడానికి శత్రువు," అన్నాడు హర్షవర్ధన్. "అసలు రూపం కనిపించాలి."

"అసలు రూపం తోలు ఒలిస్తే కనపడతాదా సార్?" అని అడిగాడు ఎలుమలై. "సుమ్మా, ఊరికే అడిగినా."

ఇంద్రాణి గోడ వారన వంగింది. ఊడిన పెంకు ఒకటి తీసి చూసింది. అంచు మీద సన్న గీతలుగా పొరలు కనిపిస్తున్నాయి. దాన్ని కొంగున కట్టుకొని, పొయ్యి రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి దోవ దాటించింది. పెనం తలమీద పెట్టుకుంది. కుండ చంకన పెట్టుకుంది. ఎలుమలై కొట్టానికి ఆనుకొని రెండు గుంజలు పాతి నీలం టార్పాలిన్ కట్టించుకుంది. యేండ్ల తరబడి సత్రం లోపలి నుంచి దోవను చూసిన మనిషి, ఇప్పుడు దోవ మీది నుంచి సత్రాన్ని చూస్తూ పిండి కలిపింది. ఆ పొద్దు దోసెల్లో ఉప్పు ఎక్కువైంది. తిన్నవాళ్ళు ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ తర్వాత కంచె వచ్చింది. సిమెంటు స్తంభాలు, ఇనుప జాలీ, పచ్చ రంగు గేటు, తాళం. కంచె సత్రం చుట్టూ తిరిగి, ముందుకొచ్చి, దించుడురాయిని కూడా లోపలికి లాక్కుంది. గేటు పక్కన బోర్డు పెట్టారు. దాని మీద అరవంలో, ఇంగ్లీషులో రాతలు. రాతల పైన ఏనుగు బొమ్మ. కళ్ళు మూసుకొని, తొండం రాతి మీద ఆనించి, నిమ్మళంగా నిద్రపోతోంది.

ఎలుమలై మొదట మురిసిపోయాడు. వచ్చినవాడికల్లా, "అది నా ఏనుగే," అని చెప్పుకున్నాడు. తర్వాత ఎవరో స్కూలుపిల్ల బోర్డును గట్టిగా చదువుతుంటే విన్నాడు. రాయల కాలపు ఏనుగు తొండం గుర్తు అరిగిపోకుండా ఉండేందుకు ఆ రాయి మీద కావళ్ళు గానీ, బరువులు గానీ పెట్టరాదట. పెట్టినవారు, కంచెకు హాని చేసినవారు శిక్షార్హులట.

టార్పాలిన్ కిందికి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నేను తమాషాకు అంటిని."

"తెలుసురా."

"చదువుకున్నోడు నమ్ముతాడని ఎవురు కలగన్నారు?"

"నేనూ నవ్వితి గదా. ఇద్దరం కలిసే మేపినాం దాన్ని." ఇంద్రాణి పొయ్యిలోకి కట్టె తోసింది. "నీ ఏనుగు గురకకు నా నిద్ర పోయె. కృత్తికకు కావళ్ళొస్తే యాడ దించుకుంటారో చెప్పు ముందు."



*

కృత్తికకు ముందటి భరణి నాడు, పొద్దున్నే ఇంద్రాణి తిరుత్తణి పోయి లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు పోయింది. ఆ ఒక్క పొద్దుకు తాళంచెవి అడగాలని. మేడ ముందర చెప్పులు విడిచి, పక్కవాకిలి నుంచి లోపలికి పోతే, వరండాలో ద్వారకనాథ్ భార్య చంద్రావతి పీటమీద కూర్చొని కావడి కర్రకు పసుపు పూస్తోంది. పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూస్తోంది. పక్కన వంచిన బద్దలు, పసుపు గుడ్డ, నెమలి ఈకల కట్ట.

"రా ఇంద్రాణీ. ఆయన మొక్కు," అంది చంద్రావతి. "ఆస్పత్రిలో చేర్చినప్పుడు నేనే మొక్కుకున్నా, లేచి తిరిగితే ఊరి నుంచి కొండదాకా కాలినడకన కావడి మోయిస్తానని. నేను పాలకుండ ఎత్తుకుంటా."

"మంచిదమ్మా. అయితే అయ్యగారు గూడా మా సత్రం మీదనే పోతారు."

"ఇంకే దోవ ఉందీ?"

ద్వారకనాథ్ లోపలి నుంచి తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ఇంద్రాణి చెప్పింది విని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"రూల్ ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి ఉండదమ్మా. తాళంచెవి హర్షవర్ధన్ దగ్గర ఉండాది. వాడు ఆఫీసర్ కార్లోనే వస్తాడు. రిబ్బన్ కత్తిరించినాక గేటు తెరుస్తారు."

"ఎన్నింటికొస్తారయ్యా?"

"వచ్చేటప్పుడు వస్తారు. ఆఫీసర్‌ను టైమ్ అడుగుతారా?"

"అంతదాకా కావళ్ళు?"

"ఒక పొద్దు దించకపోతే ఏమవుతాది? భక్తి ఉంటే బరువు తెలుస్తాదా?"

"మీరు ఎక్కడ దించుతారండీ?" అంది చంద్రావతి, తల ఎత్తకుండా.

"నేను దించను. వెనక కారొస్తాది, మన వరదరాజులు కొడుకులుంటారు. ఒకరు కాకపోతే ఒకరు భుజం పట్టుకుంటారు."

"కృత్తిక నాడు ఆ దోవలో కార్లను వదలరయ్యా," అంది ఇంద్రాణి.

ఆయన నవ్వాడు. ఆ జిల్లాలో తన కారు ఆపే పోలీసు ఇంకా పుట్టలేదని ఆ నవ్వు అర్థం. ఇంద్రాణి చంద్రావతి ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, మధ్యాన్నం రైలుకు తిరిగొచ్చింది. వస్తూ వస్తూ తిరుత్తణి స్టేషన్ బయట ఒక లావుపాటి వెదురు బేరమాడి, ఎలుమలై ఫోన్ చేసి పిలిస్తే వచ్చిన ఆటో మీద వేసుకొచ్చింది. టార్పాలిన్ గుంజలకు ఎదఎత్తున దాన్ని అడ్డంగా బిగించారు. ఎలుమలై పాత సైకిలు ట్యూబులు కోసి ముడి మీద ముడి వేశాడు. రాయి చేసే పని వెదురు చేయాలి. చేయలేదని ఇద్దరికీ తెలుసు.

*

కృత్తిక నాడు తిరుత్తణి దోవలన్నీ మనుషులవి. పోలీసులు బండ్లను ఎక్కడివక్కడ నిలిపేస్తారు. ఈ సంగతి అత్తిమంజేరిపేట మేకలకు కూడా తెలుసు. సంఘానికి తెలియదు.

వెలుగు రాకముందే మొదటి కావళ్ళు వచ్చాయి. నగరి పక్క నుంచి, పళ్ళిపట్టు నుంచి, పసుపు గుడ్డలు, మల్లెల గుబాళింపు, "అరోహరా" అని గొంతులు. వచ్చినవాళ్ళు అలవాటుగా రాయి వైపు తిరిగి, కంచెకు మొహం తగిలేదాకా పోయి ఆగారు. ఒక ముసలాయన జాలీలో వేళ్ళు దూర్చి రాయిని చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేందమ్మా, రాయిని జైల్లో పెట్టినారు?"

"ఏనుగు నిద్రపోతా ఉందంట తాతా," అన్నాడు ఎలుమలై తల వంచుకొని. "లేపరాదంట."

వెదురు కాసేపట్లోనే నిండింది. నడుమ వంగి, ట్యూబులు కిర్రుమంటున్నాయి. ఇంద్రాణి తడి చీర బిగించి దోవ పక్కన నిలబడింది. ఒక కావడి దిగితే ఇంకో కావడి ఆమె భుజానికి ఎక్కుతోంది. ఎలుమలై కూడా తానంచేసి వచ్చి ఒక భుజం ఇచ్చాడు. ఖాళీ దొరికినప్పుడల్లా బిందెతో దోవ మీద నీళ్ళు చల్లుతున్నాడు, కాళ్ళు కాలకుండా. అయినా సగం మంది దించుకోకుండానే, పళ్ళు బిగించుకొని, కంచెను తిట్టుకుంటూ ముందుకు పోయారు.

ఎండ నెత్తికెక్కినాక ద్వారకనాథ్ వచ్చాడు.

మొదట ఇంద్రాణి గుర్తుపట్టలేదు. చొక్కా లేని ఒళ్ళు, కారిన విభూతి, ఎడమకాలు ఈడుస్తున్న నడక. కావడి భుజం మీది నుంచి మెడ మీదికి జారింది. పక్కన చంద్రావతి, తలమీద పాలకుండ, రెండు చేతులూ దానికే చాలడం లేదు. వెనక కారు లేదు. వరదరాజులు కొడుకులు లేరు. పోలీసులు పొదటూరుపేట దగ్గరే కారును ఆపేశారు, కొడుకులు కార్లో ఏసీ వేసుకొని కూర్చున్నారు.

ఆయన నేరుగా గేటు దగ్గరికి పోయాడు. తాళం చూశాడు. తాను వేయించిన తాళమే. మోచేత్తో గేటును తోశాడు. అది నమ్మకంగా నిలబడింది. వెదురు దగ్గరికి వచ్చాడు. కొంచెం జరగండని అక్కడున్న వాళ్ళను అడిగాడు.

"వరసలో రా అయ్యా," అంది ఒక ముసలమ్మ. "నువ్వు కావడి మోస్తా ఉండావు, మేము మోసేవి కట్టెలా?"

"నేనెవరో తెలుసా?"

"తెలుసుకొని నేనేం చేసుకునేది?"

ఆయన ఒక అడుగు పక్కకు తూలాడు. కావడి కొస వంగింది. పూలు రెండు రాలి దోవ మీద పడ్డాయి. చంద్రావతి, "ఏమండీ, నేల... నేల," అంది.  ఆ కావడి నేలను తాకితే ఆమె ఆస్పత్రి వరండాలో మొక్కిన మొక్కంతా నేలపాలు. ఆమె కళ్ళు కావడి మీద లేవు, ఆయన గుండె మీద ఉన్నాయి.

ఇంద్రాణి వెళ్ళి, కర్ర కింద భుజం పెట్టి, కావడిని ఎత్తుకుంది. కొండ వైపు తిరిగి నిలబడింది.

"కూర్చోండయ్యా."

ద్వారకనాథ్ టార్పాలిన్ నీడలో, ఆక్రమణలో, ఆమె పిండి రుబ్బే రాతి మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. ఇంకో లోటా అడిగి తాగాడు. ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతో పాటు అధ్యక్షుడు కూడా తిరిగొచ్చాడు.

"ఎలుమలై, ఆ తాళం పగలగొట్టు."

"నా వల్ల కాదయ్యా. బోర్డులో శిక్షార్హులని మీరే రాయిస్తిరి. నాకు చదువు రాకపోయినా స్కూలుపిల్ల చదవతా ఉంటే విన్నా."

"నేను చెప్తా ఉండా గదా!"

"ఇదో సుత్తి. మీ తాళం, మీ చెయ్యి."

జనం చూస్తున్నారు. కావళ్ళ కింద నిలబడి చూస్తున్నారు. ద్వారకనాథ్ సుత్తి తీసుకున్నాడు. దెబ్బలు తాళం మీద సగం, గేటు మీద సగం పడ్డాయి. పచ్చ రంగు పెచ్చులుగా లేచింది. చివరికి కొక్కెం విరిగింది. గేటు తెరుచుకోగానే కావళ్ళు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. ఎవరి కర్ర వాళ్ళు ఆ గుంటలో ఆనించారు. దించుకున్నవాళ్ళంతా భుజాలు తిప్పుకుంటూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ ఊపిరికి ఏనుగు గురక ఏ మూలకు?

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. జనం నడుమ నుంచి ఆఫీసరు కారు నత్తలా వచ్చి ఆగింది. ముందు హర్షవర్ధన్ దిగాడు, చేతిలో రిబ్బనూ, కత్తెరా, తాళంచెవీ. వెనక ఆఫీసరు దిగాడు, మొహమంతా చిరాకు. విరిగిన తాళాన్నీ, వంగిన గేటునూ చూశాడు.

"యార్ వేలై ఇదు? ఎవరు పగలగొట్టింది?"

ద్వారకనాథ్ చేతిలో సుత్తి ఉంది. ఆయన దాన్ని ఎలుమలై చేతిలో పెట్టేశాడు. సుత్తి అక్కడే పుట్టిందేమో అన్నంత సులువుగా పెట్టేశాడు.

"ఆక్రమణదారులు సార్. ఆ దోసెలమ్మీ, ఈ సైకిలోడూ. కాలీ చేయించినామని కక్ష."

"సార్, సుత్తి నాది, చెయ్యి ఆయనది," అన్నాడు ఎలుమలై.

జనంలో ఒకరిద్దరు ఏదో అరిచారు. ఆఫీసరు చేయెత్తి చాలన్నాడు. ఎండగా ఉంది, ఇంకో ఊళ్ళో ఇంకో రిబ్బన్ ఉంది. "కంప్లైంట్ రాయండి," అన్నాడు హర్షవర్ధన్‌తో. "ఆ టార్పాలిన్ కూడా ఎత్తేయించండి. రోడ్డు పక్కన ఏంటది?"

ఇంద్రాణి ఇదంతా విన్నది. భుజం మీద ద్వారకనాథ్ కావడి ఉంది. ఆమె ఎలుమలై వైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించింది. తర్వాత కర్రను కొంచెం సర్దుకొని, కొండ వైపుకు నడవడం మొదలుపెట్టింది.

చంద్రావతి ఒక్క క్షణం మొగుణ్ణి చూసింది. పాలకుండ పట్టుకొని ఇంద్రాణి వెనకాలే నడిచింది.

రిబ్బన్ రెండు కొసలూ కట్టారు. కత్తెర ఆఫీసరుకు అందించాల్సినవాడు అధ్యక్షుడు. ఆయన కత్తెర చేతిలోకి తీసుకొని, ఫోటోకు మొహం సర్దుకొని, అటు చూశాడు. తన కావడి అప్పటికే దోవ కింద కాలవ పారే మోరీ దాకా పోయింది. కత్తెర హర్షవర్ధన్ చేతిలో పడేసి, ఉట్టికాళ్ళతో, కాలే తారు మీద ఎగురుకుంటూ పరుగెత్తాడు.

"ఇంద్రాణీ, ఆగు. అది నాది."

"మీదే అయ్యా. ఎవురు కాదన్నారు?"

"ఇటియ్యి."

"దించే చోటు చూపించండి, ఇస్తా."

"సత్రం దగ్గర..."

"అది ఏనుగుదంటిరి గదా. టార్పాలిన్ ఉండె, అదీ ఎత్తేయమనిరి."

"ఇంద్రాణీ, నా గుండె సంగతి నీకు తెలీదు."

"తెలుసయ్యా. నా భుజం మీదనే గదా ఉండాది."

ఆయన చంద్రావతి వైపు చూశాడు. చంద్రావతి కొండ వైపు చూస్తోంది. ఇంద్రాణి ఆగింది. వెనక్కి తిరగలేదు. కొండకు మొహం పెట్టిన కావడి వెనక్కి తిరగరాదు.

"మీరు తిరగొచ్చు," అంది. "పోయి ఆ సారుకు జరిగింది జరిగినట్టు చెప్పి రాండి. దోసె తిన్న నోరే గదా, చెప్తాది. నా పెనం యాడ నుంచి లేపించినారో ఆడనే పెట్టి రాండి. నేను ఈడనే నిలబడుకుంటా."

ఆయన మనసు మారిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. న్యాయానికి ఒక అడుగు కూడా వేయని కాళ్ళు, గుండెకు భయపడి తారు మీద వెనక్కి పరుగెత్తాయి. అంతే జరిగింది.

ఇంద్రాణికి కొండ మాత్రమే కనిపిస్తోంది. ఎండలో మెట్ల మీద చీమల బారులా జనం. పక్క నుంచి కావళ్ళు దాటిపోతున్నాయి. భుజం మీద కర్ర నిప్పులా ఉంది. చంద్రావతి కుండ కదలకుండా మెడ మాత్రం తిప్పి చూసింది.

"ఆఫీసర్ ముందర నిలబడినారు," అంది.

"నోరు తెరిచినారా?"

"తెరిచినట్టే ఉంది. చెయ్యి ఎదమీద పెట్టుకున్నారు. ఎలుమలై సుత్తి చూపిస్తా ఉండాడు. జనం నవ్వుతా ఉండారు."

"ఆఫీసర్?"

"బోర్డు చదువుతా ఉండాడు. ఆయనా నవ్వుతా ఉండాడు." మెడ ఇంకొంచెం తిప్పింది. "దోవ దాటినారు. నీ పెనం ఎత్తుకున్నారు."

"ఒక చేత్తో రాదమ్మా అది. బరువు."

"రాలేదు. కింద పెట్టి మళ్ళా ఎత్తినారు. పంచె అంతా మసి." చంద్రావతి భుజాలు ఒక్కసారి అదిరాయి. అది నవ్వో ఏమో, పాలు మాత్రం తొణకలేదు. "గేటు లోపలికి పోయినారు. హర్షవర్ధన్ ఫోటో తీస్తా ఉండాడు. అరుగు మీద పెట్టేసినారు."

"ఏ పక్క?"

"కొసన."

ద్వారకనాథ్ ఆయాసపడుతూ వచ్చి, ఇంద్రాణి ఎదుట నిలబడి రెండు చేతులూ చాపాడు. మోచేతుల దాకా మసి. మొహం మీద తుడుచుకున్న చోటల్లా మసి.

"చెప్పినా. కంప్లైంట్ లేదనినాడు. ఇంక ఇయ్యి."

ఇంద్రాణి ఆ చేతుల్ని చూసింది.

"కడుక్కోండయ్యా. మసి చేతులతో కావడి ముట్టుకుంటారా?"

"నీళ్ళు యాడున్నాయి ఈడ?"

"నా కుండలో. టార్పాలిన్ కిందనే మరిచిపోయినారు. దాన్ని గూడా అరుగు మీదికి చేర్చి, ముంచుకొని కడుక్కొని రాండి."

ద్వారకనాథ్ మళ్ళీ సత్రం వైపుకు తిరిగాడు. చంద్రావతి ఈసారి మెడ తిప్పి చూడలేదు. ఇంద్రాణి కావడిని కుడిభుజం మీది నుంచి ఎడమభుజానికి మార్చుకుంది.